సరిహద్దులో క్షవరం

మా ఇంట్లో తువ్వాలు ఎప్పుడూ ఆరేది కాదు. తిరుపతిలో ఎండకు కొదవ లేదు కాబట్టి తప్పు ఎండది కాదు. కొండకు వచ్చే చుట్టాలందరూ మా ఇంట్లోనే దిగేవాళ్లు. నాయనది గుడి ఆఫీసులో ఉద్యోగం. ఆయన కూడా క్యూలోనే నిలబడతాడంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

ఎనభైల మొదట్లో నేను ఎమ్మే చరిత్ర పరీక్షకు చదువుతున్నాను. చుట్టాలు పడుకునే వీధి గది నాకు కావాలి. ఇకమీదట వచ్చినవాళ్లను సత్రంలో దించుదామని ఒక సాయంత్రం నాయనను అడిగాను. "అక్క పోయినాక సూస్తాంలే" అన్నాడు. ఆ అక్క, అంటే మా పలమనేరు అత్త, ఏటా మామతో, నేతి డబ్బాతో వచ్చి వారం ఉండేది. అప్పటికి వంటింట్లోనే ఉంది. మాకూ వంటింటికీ మధ్యలో ఉన్నది తడికే.

అప్పుడు నా చేతిలో ఉన్నది అల్బేనియా చరిత్ర, లైబ్రరీ పుస్తకం. మొదట పక్క దేశంతో, తర్వాత రష్యాతో, చివరికి చైనాతో తెగతెంపులు చేసుకొని, పలకరించే దిక్కు లేకుండా మిగిలిన దేశం. చేలల్లో కాంక్రీటు గుమ్మటాలు కట్టుకొని, రాని శత్రువు కోసం కాచుకొని ఉన్నారట. ఎవరూ రాకపోవడం అన్నచోట నాకు కొంచెం అసూయ కలిగింది.

మర్నాడు భోజనాల దగ్గర, కొత్త గుండుకు గంధం పూసుకున్న మామ, ఏం చదువుతున్నావని అడిగాడు. ఆ దేశంలోకి ఎవరినీ ఊరికే రానివ్వరనీ, గడ్డమో పొడుగు జుట్టో ఉన్నవాడికి సరిహద్దులోనే క్షవరం చేసి పంపుతారనీ చెప్పాను.

మామ గుండు తడుముకున్నాడు. "అయితే ఆడ గూడా మొక్కు ఉండాదన్న మాట. ఏ దేవుడప్పా?"

దేవుడే లేడనీ, ఉన్న చర్చీలూ మసీదులూ ప్రభుత్వమే మూసేసిందనీ చెప్పాను. మొక్కు లేకుండా జుట్టు తీయడం మామకు అన్యాయంగా తోచింది. తీసిన జుట్టు ఏం చేస్తారని అడిగాడు. పుస్తకంలో ఆ వివరం లేదు. నాయన మజ్జిగ గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏదేమైనా చదువుకునేవాడికి అంత ప్రశాంతమైన దేశం ఇంకోటి ఉండదని నేను ముగించాను.

అత్త నా అన్నంలో ఎప్పటిలాగే రెండు గరిటెల నెయ్యి వేసింది.

"దేవుడు లేని సీమకు సుట్టాలెవురొస్తార్రా? అందుకే నీకంత నచ్చినాది. రేపు పొద్దున మమ్మల్ని ఆ సత్రంలో దించేసి రాపో."