నాచు మందు కొట్టని నాలుగు సాళ్లు

సోమందేపల్లి దగ్గర మా వేరుశనగ చేనిలో ఒకప్పుడు పదిమంది ఆడవాళ్లం వరుసగా కూర్చుని కలుపు తీసేవాళ్లం. మాటల్లో పడితే అలుపు తెలిసేది కాదు. హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీలు వచ్చాక ఒక్కొక్కరే పొద్దున్నే బస్సెక్కడం మొదలుపెట్టారు. చివరికి ఎప్పుడూ నా పక్క సాలు పట్టే ఆమె కూడా వెళ్లిపోయింది. మా ఆయన లారీ మీద పోతే పది రోజులకు గానీ ఇల్లు చేరడు. అందుకే పంపు వీపుకు తగిలించుకుని కలుపు మందు కొట్టడం నేనే నేర్చుకున్నాను. పదిమంది పని ఒక్క పూటలో అయిపోయింది. ఆ తర్వాత ఏం చేయాలో తోచక గట్టు మీద కూర్చున్నాను.

నాలుగు రోజులకు కలుపుతో పాటు వేరుశనగ ఆకులూ పసుపు తిరిగాయి. అడుగుదామంటే పక్క చేలల్లో మనిషి లేడు, అవి బీడు పడి చాలా కాలమైంది. రెండు మొక్కలు పీకి సంచిలో పెట్టుకుని, పెనుకొండలో పురుగుమందుల అంగడి పెద్దాయనకు చూపించాను.

"సావదులేమ్మా. కలుపు మందు దెబ్బకు పంటకూ దిమ్మ తిరుగుతాది. పది దినాలకు తేరుకుంటాది" అన్నాడాయన.

వచ్చేసారి కలుపు మందులో సముద్రపు నాచుతో చేసిన మందు కలిపి కొడితే మొక్క తొందరగా కోలుకుంటుందని చెప్పాడు. అది ఎరువు కాదట, పురుగుల మందు కాదట, మొక్క తన సత్తువ తాను తెచ్చుకోవడానికి ఊతమట. ముందుగా రెండూ సీసాలో నీళ్లతో కలిపి, పాలలా విరుగుతాయేమో చూసుకోమన్నాడు.

ఆయన చెప్పినట్టే మొక్కలు తేరుకున్నాయి. ఆ పది రోజులూ చేనంతా తిరుగుతూ వాటితో మాట్లాడాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడాది సీసాలో కలిపి చూస్తే విరగలేదు. చేనంతా రెండూ కలిపి కొట్టి, తేడా తెలియాలని గట్టు పక్క నాలుగు సాళ్లకు ఉత్త కలుపు మందే కొట్టాను. వారానికి ఆ నాలుగూ పాలిపోయాయి. మిగతా చేను పెద్దగా రంగు మారలేదు. ఎవరికైనా చూపించాలని ప్రాణం కొట్టుకుంది. మా ఆయనకు ఫోన్ చేస్తే లారీ చప్పుడుకు సగం వినపడలేదు. ఫ్యాక్టరీకి వెళ్లే నా పక్క సాలు మనిషికి చేశాను. ఆదివారం వచ్చింది.

చాలాసేపు నిలబడి చూసి, "నిజమే వదినా, తేడా ఉండాది" అంది. తర్వాత వంగి, "తుంగ కూడా బాగా లేచిందే. దానికీ నీ మందు పనిచేసినట్టుండాది" అంది.

నాకు అది తట్టనే లేదు. కలుపు మందుకు చావని తుంగ పచ్చగా నవనవలాడుతోంది.

"ఒంటిగా యాడ పీకుతావు, కూర్చో" అంటూ తనే ముందు కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఇద్దరం పీకాం. ఫ్యాక్టరీలో మిషన్ల మోతకు పక్కనున్న మనిషి మాట కూడా వినపడదని చెప్పింది. తర్వాత బస్సు వేళయిందని చేతులు కడుక్కుని వెళ్లిపోయింది.

పంట తీశాక చూస్తే కాయల్లో నేను అనుకున్నంత తేడా లేదు. నాచు మందు పడినచోట కొంచెం మేలు, అంతే. ఆ మాట చెబుదామని ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం తనే తిరిగి చేసింది. అప్పుడు నేను మిద్దె మీద ఎండబోసిన కాయలు కుప్ప చేస్తున్నాను, ఫోన్ కింద ఇంట్లో ఉంది. దిగివచ్చేసరికి మోగడం ఆగిపోయింది.