దర్వాజ మీద తెగిన ముక్కు

నిజం తెలిసి కూడా ఒక ఆడమనిషిని కొడుతుంటే నోరు మూసుకున్నవాణ్ణి మీరేమంటారు? మొన్న జగిత్యాలలో ఒక తుక్కు దుకాణం ముందు పాత కంప్యూటర్లను సుత్తెలతో పగలగొడుతుంటే, వెనకవైపు ప్రింటర్ తగిలించే ఆ వెడల్పాటి సాకెట్, పారలల్ పోర్టు, కనబడి నా కాళ్లు ఆగిపోయాయి.

అలాంటి పోర్టుతోనే ఒకప్పుడు కోరుట్లలో మా బావ కలప మీద బొమ్మలు చెక్కే మిషను నడిపేవాడు. సిరిసిల్లలో కంప్యూటర్లు బాగుచేసుకునే నేనే దాన్ని అమర్చిపెట్టాను. కంప్యూటర్ పంపే ఒక్కో సంకేతానికి మోటారు ఒక్కో అడుగు వేస్తుంది, మరీ తొందరపెడితే సంకేతాల మధ్య ఎడం కుదురుగా ఉండదు, మోటారు అడుగు తప్పుతుంది, తప్పిన సంగతి కంప్యూటరుకు తెలియదు గనుక అది తన లెక్కలో తాను కట్టర్‌ను నడిపిస్తూనే పోతుంది.

ఒకరోజు, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన రాయికల్ ఆసామి, తెల్లారితే తన కొత్తింటికి దర్వాజ నిలబెట్టే ముహూర్తమని మా నెత్తిమీద కూర్చున్నాడు. మూఢనమ్మకాల మీద మాట్లాడుతూ ముహూర్తాలను సభల్లో చీల్చి చెండాడే నేనే, ఆ ముహూర్తం కోసం మిషను వేగం రెట్టింపు చేశాను. దర్వాజ పలక మీద లక్ష్మీదేవి ముఖం సగమయ్యేసరికి కట్టర్ పక్కకు దూకి, ముక్కునూ ఒక కన్నునూ కోసుకుంటూ పోయి పుటుక్కున విరిగింది.

బీడీలు చుట్టుకుని ఒంటరిగా బతికే బావ వాళ్ల వాడకట్టు పెద్దమ్మ, పొయ్యిలోకి చెక్కపొట్టు అడగడానికి అప్పుడే వచ్చి వాకిట్లో నిలబడింది.

“గీమెనే! గీమెనే మంత్రం పెట్టింది!” అని ఆసామి అరిచాడు.

“పొట్టుకచ్చిన కొడుకా, మంత్రాలస్తే గీ బీడీలెందుకు చుడుత?” అని ఆమె నవ్వింది.

ఆ నవ్వుకే వాళ్లకు మండింది. ఆసామి ఆమె కొప్పు పట్టి ఈడ్చాడు, మా బావ టేకు ముక్కతో బాదాడు, అడ్డం పెట్టిన ఆమె కుడిచెయ్యి విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. తప్పు నాదని తెలిస్తే ఆ దెబ్బలు నా మీద పడతాయని నేను కదల్లేదు. ఆమె నోట నెత్తురు కారాకే, “వేగం పెంచింది నేను, ఆపుండ్రి!” అన్నాను. నాకూ నాలుగు పడ్డాయి, అవి చాలా తక్కువ.

తర్వాత కట్టర్ మార్చి, వేగం తగ్గించి ఇంకో పలక మీద అదే బొమ్మ చెక్కి చూపిస్తే ముక్కు చక్కగా వచ్చింది, ఆసామి దాన్ని మోయించుకుని ముహూర్తానికి వెళ్లిపోయాడు. పెద్దమ్మ వేళ్లు మళ్లీ బీడీకి తునికాకును చుట్టలేకపోయాయి.

ఇప్పటి మిషన్లకు సంకేతాలను కుదురుగా పంపే వేరే డబ్బాలు వచ్చాయి, అడుగు తప్పడం అరుదు. మంత్రగత్తె అన్న మాట మాత్రం మన వీధుల్లో ఇంకా అంతే వేగంగా పరిగెడుతోంది. అది మీ చెవిన పడ్డ క్షణాన రుజువుల కోసం వెతుక్కోకండి, వాదన తర్వాత చేయవచ్చు. ముందు వెళ్లి ఆ మనిషికీ కర్రకూ మధ్య నిలబడండి.