తిట్లు తినే షావుకారు

కింగ్‌హోక్ కట్టుకున్న భార్యను వానలో బయటికి గెంటేశాడనీ, ఆవిడ కావ్‌షుంగ్‌లో ఎవరింట్లోనో అంట్లు తోముకుని బతుకుతోందనీ తైవాన్‌లో మా చియాయీ ఊరి కూరల బజారులో అందరికీ తెలుసు. చూసినవాళ్ళు లేరు. అయినా అందరికీ తెలుసు. నాకు తెలిసినంతలో అతనికున్న జబ్బు ఒక్కటే. నటన ఆపడం చేతకాదు. సాయంత్రం టీవీ సీరియల్లో పెళ్ళాన్ని పస్తులుంచే లిమ్ షావుకారుగా కనిపిస్తాడు. పొద్దున్నే అదే ముఖంతో కూరలకొస్తాడు.

ఉల్లికాడలు కొనడానికి కూడా ఎడమ కనుబొమ్మ పైకెత్తాలా? అతను ఎత్తుతాడు. ఆపైన నవ్వుతాడు. తుప్పుపట్టిన షట్టరు ఎత్తుతున్నట్టుంటుంది.

"ఒరేయ్ షావుకారూ, పెళ్ళానికి అన్నం పెట్టావట్రా?" అని అరుస్తుంది ముల్లంగి ముసలమ్మ.

"గంజినీళ్ళు పోశాను! అదే ఎక్కువ దానికి! హహ్హహ్హా!"

ముసలమ్మ ఆవకూర కట్టతో అతని వీపు వాయించి, ఆ కట్టే అతని సంచిలో పడేస్తుంది. ఇద్దరికీ సిగ్గులేదు.

బడి మానేసిన దగ్గర్నుంచీ నేను సోయాపాల కొట్టులో పనిచేస్తున్నాను. పాలగిన్నె ఆవిరి వెనక నిలబడితే మనం ఎవరికీ కనబడం, అందరూ మనకు కనబడతారు. ఎదుటి కొట్టు బీహ్వీది. చేప ఉండలు అమ్ముతుంది. వెనక ప్లాస్టిక్ స్టూలు మీద అత్తగారు.

"ఉప్పెక్కువైంది. ఉండ చిన్నదైంది. మీ అమ్మ నీకు నేర్పింది ఇంతేనా?"

"అలాగే అత్తయ్యా."

రోజంతా బీహ్వీ నోట వచ్చే మాట అదొక్కటే. షావుకారు రాగానే మాత్రం ఆ నోరు తెరుచుకునేది.

"తిన్న ముద్దలు లెక్కపెడతావా? పుట్టింటివాళ్ళను ఎత్తిపొడుస్తావా? నీ నోట్లో దుమ్ముపడ! ఆ పిల్ల మనిషి కాదట్రా?"

"నా ఇంట్లో చాకిరీకి మనిషెందుకే?"

"గడ్డి పెట్టు కోడలా, బాగా పెట్టు!" అని అత్తగారు తొడ చరిచేది. "ఇలాంటివాళ్ళను ఊరికే వదలకూడదు!"

ఆ తిట్లు ఎవరికో తెలియని అత్తగారి తెలివికి నేను ఆవిరి చాటునే దండం పెట్టుకునేదాన్ని.

పోయినేడు సీరియల్లో లిమ్ షావుకారు నూతిలో పడి చచ్చాడు. కొత్త సీరియల్లో కింగ్‌హోక్‌కు మంచి డాక్టరు వేషమిచ్చారు. జీవితమంతా ఎదురుచూసిన వేషమట. మా యజమానురాలికి ఆ సంగతి చెబుతూ పాలు తాగడం మరిచిపోయాడు. అయితే టీవీవాళ్ళు ఒక షరతు పెట్టారు. బయట కూడా మంచిగానే కనబడాలి. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ముఖం చిట్లించినట్టు ఒక్క ఫోటో బయటపడ్డా వేషం పోతుంది.

మా బజారువాళ్ళు మారడానికి ఒక్క పూట పట్టింది. నిన్నటిదాకా వీపు వాయించిన ముసలమ్మే "డాక్టరుగారూ, ఈ మోకాలు చూడండి" అని లంగా ఎత్తింది. ఈ మహానుభావుడు చూశాడు! వేన్నీళ్ళ కాపడం పెట్టుకోమన్నాడు. పక్కావిడ నాడి కూడా పట్టుకున్నాడు. సిగ్గులేనితనానికైనా ఒక హద్దుంటుంది.

బీహ్వీ కొట్టు ముందు గుళ్ళో బొమ్మలా నవ్వుతూ నిలబడ్డాడు. "బాగున్నావా చెల్లెమ్మా?"

"బాగున్నాను డాక్టరుగారూ" అని ఆమె తలదించుకుంది. అంత మంచివాణ్ణి ఏమని తిడుతుంది?

రోజులు గడిచేకొద్దీ ఆ "అలాగే అత్తయ్యా" కూడా ఆగిపోయింది. నీళ్ళు పొంగి పొయ్యి ఆరిపోతున్నా గరిటె పట్టుకుని అలాగే నిలబడేది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోయేది.

ఒకరోజు అత్తగారు ఉండల పళ్ళెం కాలితో తన్నింది. "కుక్కలు కూడా ముట్టవు వీటిని! నీకూ మీ అమ్మకూ చేతులా, చెక్కలా?"

బీహ్వీ నేలమీద కూర్చుని ఉండలు ఏరుతోంది. ఒకటి ఏరితే రెండు జారిపోతున్నాయి. డాక్టరుగారు అప్పుడే వచ్చాడు. వెనకాల ఇద్దరమ్మాయిలు ఫోన్లు పట్టుకుని ఉన్నారు. అతను వాళ్ళను చూశాడు. బీహ్వీని చూశాడు.

ఎడమ కనుబొమ్మ పైకి లేచింది.

"ఏమే! ఉండలా, గులకరాళ్ళా? పస్తులున్న నా పెళ్ళానికి పెట్టినా ఉమ్మేస్తుంది! హహ్హహ్హా!"

బీహ్వీ లేచి నిలబడింది. "ఏమన్నావురా? ఇంకోసారి అను! నువ్వెప్పుడైనా పొయ్యి దగ్గర నిలబడ్డావా? కూర్చున్న చోటినుంచి వంకలు పెట్టడమేగా నీకు తెలిసింది!"

"డాక్టరైనా బుద్ధి మారలేదు! వదలకు కోడలా!" అంది అత్తగారు.

అతను సంచి అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి మా కొట్టులో పడ్డాడు. ఆ మధ్యాహ్నం బీహ్వీ డబ్బా ఖాళీ చేసింది.

సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. వారం తిరక్కుండానే సీరియల్లో మంచి డాక్టరు రోగుల మందుల్లో విషం కలపడం మొదలుపెట్టాడు.

"విషం బాగా కలుపుతున్నానట. డైరెక్టరు మెచ్చుకున్నాడు" అన్నాడు కింగ్‌హోక్, పాలు ఊదుకుంటూ.

మొన్న ఎవరూ లేనప్పుడు ధైర్యం చేసి అడిగాను. "బాబాయ్, కావ్‌షుంగ్‌లో మీ ఆవిడ ఎలా ఉన్నారు?"

"ఏ ఆవిడ?" అన్నాడు.

అతనికి పెళ్ళే కాలేదు.