వంకాయ ఆవు

ఉరవకొండ బస్సులో నా పక్కన ఒక జపాన్ ఆవిడ కూర్చుంది. ఒళ్లో ఒక కీరదోసకాయ, ఒక వంకాయ. రెండింటికీ నాలుగేసి చీపురుపుల్లల కాళ్లు. నేను కోస్తావాణ్ణి, నోరు ఊరుకోదు. “కూరగాయలే నడిచొచ్చి పొయ్యెక్కుతాయా అక్కా?” అన్నాను.

“నవ్వద్దన్నా,” అంది అచ్చమైన అనంతపురం యాసలో. ఇక్కడి మనిషిని చేసుకుని ఇక్కడే ఉండిపోయిందట. “మా నాయన పోయినాడు. మా దేశంలో పోయినోళ్లు ఏడాదికొకసారి ఇంటికొస్తారు. కీర గుర్రం, బిరీన వచ్చేదానికి. వంకాయ ఆవు, నిదానంగా పోయేదానికి. ఈ తూరి నేను పోలేక ఈడికే పిలుస్తాండా. ఈ ఎండకి వచ్చినట్టే వచ్చి పోతాడేమోనని బయం.”

మా వైపు పిండాన్ని కాకి ముట్టగానే హమ్మయ్య అనుకుంటాం. పోయినవాళ్లను కాసేపు ఆపుకోవాలన్న ఆలోచనే మాకు రాదు.

ఇంతలో బస్సు గుంతలో పడింది. ఆవు కాలొకటి పుటుక్కున విరిగింది. ఆమె ముఖం వాడిపోయింది.

“మంచిదే అక్కా,” అన్నాను. “కుంటి ఆవు మీద మీ నాన్నగారు తొందరగా ఎక్కడికి పోతారు?”

నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. విరిగిన కాలి బదులు అగ్గిపుల్ల ఇస్తానంటే వద్దంది. ఆ మూడుకాళ్ల ఆవునే చున్నీలో జాగ్రత్తగా చుట్టుకుని దిగిపోయింది.