బల్లమీద తిరగేసిన కుర్చీ

మధ్యాహ్నం పన్నెండు దాటింది. పారిస్ మీద పొద్దుటినించీ సన్నటి ముసురు. సభాగది గోడవార నిలబడ్డ ఒనెజీం కడుపు, మైకులో పెద్దమనిషి కన్నా గట్టిగా మాట్లాడుతోంది.

యుద్ధం ముగిసి మూడేళ్లయినా రొట్టెకి ఇంకా కూపన్లే. సభ జరిగే మహలు అడుగున పనివాళ్ల వంటగదిలో మాత్రం కూపనడక్కుండా ఉల్లిపాయ సూపు పోస్తారు. ఒంటిగంట కొట్టిందంటే వడ్డించే లియొంతీన్ గరిటె కడిగేస్తుంది. తర్వాత దేవుడొచ్చినా పోయదు. ఒనెజీంకి రోజంతటికీ అదే తిండి.

కానీ కుర్చీలు సర్దేవాడు ఆఖరి ప్రతినిధి లేచేదాకా కదలకూడదు. దేశదేశాలనించీ వచ్చిన వాళ్లేమో లోకంలో మనుషులందరికీ ఏమేం హక్కులుండాలో రాస్తున్నారు. ఆ వారం విశ్రాంతి హక్కు మీద పడ్డారు. పనివాడికి తీరిక ఉండాలని ఒకాయన, ‘తగినంత’ అంటే ఎంతని ఇంకొకాయన. వాళ్లు తేల్చేలోగా రోజూ గరిటె కడిగేయడం అయిపోయేది.

“ఏం బాబాయ్, విశ్రాంతి ఇచ్చారా మీ పెద్దలు?” అంది కింద కడిగిన గరిటె తగిలిస్తూ లియొంతీన్.

“నా కడుపుకి ముందే ఇచ్చేశారమ్మాయ్.”

యుద్ధంలో మూతపడేదాకా ఒనెజీం ఒక కఫేలో పనిచేశాడు. కఫేల్లో మూసే వేళకి ఎవర్నీ పొమ్మనరు. ఖాళీ కుర్చీలు బల్లలమీద తిరగేస్తారు, అంతే. ఆ ఊరివాడెవడైనా అది చూసి టోపీ అందుకుంటాడు. ఆవేళ ఆకలికి మతిపోయి, ఒనెజీం చేతులు పాత దారి పట్టాయి. వెనక వరసలో ఖాళీ కుర్చీ ఎత్తి బల్లమీద తిరగేశాడు. పక్కదీ తిరగేశాడు.

అనువాదం చేసేవాళ్లంతా ఆ ఊరివాళ్లే. చెవులమీంచి హెడ్‌ఫోన్లు తీసి, కోట్లు తొడుక్కుని లేచారు. ఒకరి మాట ఒకరికి తెలియక ప్రతినిధులూ కాసేపు చేతులూపుకుని, చేసేది లేక లేచారు. ఒనెజీం రెండు గిన్నెలు తాగాడు.

పైకొచ్చేసరికి పనివాళ్ల మేస్త్రీ వాసర్ కాచుకుని ఉన్నాడు. “ఇదేమన్నా సారాకొట్టనుకున్నావటయ్యా?”

“కాదండి. సారాకొట్టుకైతే మూసే వేళంటూ ఒకటుంటుంది.”

మళ్లీ కుర్చీ తిరగేస్తే ఉద్యోగం ఉండదన్నాడు వాసర్.

చివరికి విశ్రాంతి హక్కు నెగ్గింది. అందరూ చప్పట్లు కొట్టారు, కౌగిలించుకున్నారు. అధ్యక్షుడు గడియారం చూసి, పని చాలా మిగిలిపోయింది, ఈపూట భోజనానికి లేవకుండా తర్వాతి హక్కు అందుకుందామన్నాడు.

ఒనెజీం గోడ దగ్గర్నించి కదిలాడు. తన స్టూలు తలుపు పక్క బల్లమీద తిరగేసి, దానిమీద టోపీ పెట్టాడు. అనువాదకులు అప్పుడే కోట్లవైపు చూస్తున్నారు.

కింద లియొంతీన్ ఇచ్చారా అని అడిగింది. ఒనెజీం గిన్నె చాచాడు. తీరిగ్గా కూర్చుని తాగాడు, జేబులోని రొట్టెముక్కతో గిన్నె తుడుచుకు తిన్నాడు. మళ్లీ పైకెక్కకుండా, టోపీ లేకుండానే ముసురులోకి వెళ్లిపోయాడు.