గుమ్మపాల ఇంటికి దారి

పోయిన కార్తీక మాసంలో ఇదే చోట నా రేపల్లె ప్రయాణం గురించి రాశాను. చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రేపల్లె దగ్గరి ఒక పల్లెలో గేదె పాలు పిండినవి పిండినట్టే, కాచకుండా, నురగతో సహా గ్లాసెడు తాగాననీ, గుమ్మపాల రుచి ఏమిటో నాకు యాభై ఆరేళ్లకు తెలిసిందనీ, అవి ఒంటికి ఎంతో బలమనీ తెగ మురిసిపోయాను. అక్కడితో ఆగితే బాగుండేది. రైలు ఎక్కడెక్కాలి, ఆటో ఎక్కడ దిగాలి, ఏ మలుపు తిరగాలి, అంతా పూసగుచ్చినట్టు రాశాను. నేను రాసినవాటిలో అంతమంది చదివింది మరొకటి లేదు.

ఆ తర్వాత నెలన్నరకు నన్ను జ్వరం పట్టుకుంది. పగలంతా బాగానే ఉండేదాన్ని. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయేది, దుప్పటి తడిసేలా చెమటలు పోసేవి, నడుము లేవనిచ్చేది కాదు. టైఫాయిడ్ అన్నారు, తర్వాత కాదన్నారు. చివరికి మా విజయవాడలోనే ఒక డాక్టరమ్మ "పచ్చి పాలేమైనా తాగారా?" అని ఒక్క ప్రశ్న అడిగింది. పరీక్షలో బ్రూసెల్లోసిస్ అని తేలింది. పశువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బు, పాలు కాస్తే చచ్చే క్రిమి. ఆ గ్లాసు వల్లే వచ్చిందని ఎవరూ రుజువు చేయలేరు గానీ, నేను పచ్చి పాలు తాగింది ఆ ఒక్క చోటే. ఆరు వారాల మాత్రలు అయ్యాక ఆవిడ మరో మాట అంది. "ఆ ఇంట్లో గర్భిణులు ఎవరైనా ఉంటే ముందు వాళ్లకు చెప్పండి. కడుపులో బిడ్డకు ప్రమాదం."

నాకు వెంటనే ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ ఇంటావిడ నాంచారమ్మ గారు అప్పుడు నాకు గ్లాసు అందిస్తూ, పిట్టలవానిపాలెంలో ఇచ్చిన వాళ్లమ్మాయి శైలజ నెల తప్పిందని సంబరంగా చెప్పింది. ఇది ఏప్రిల్. ఏడో నెల వచ్చి, పురిటికి పుట్టింట్లోనే ఉండి ఉంటుంది. నేనేమో ఆ ఇంటికి దారి లోకానికంతా చెప్పాను గానీ వాళ్ల ఫోన్ నంబరు మాత్రం తీసుకోలేదు. ఇంకొకటి కూడా దాచకుండా చెబుతాను. ఆ పాత రాతను తీసేద్దామని రెండుసార్లు కూర్చుని లేచాను. అంతమంది చదివినదాన్ని చేజేతులా చెరిపేయడానికి మనసొప్పలేదు.

మర్నాడు తెల్లవారుజామున విజయవాడలో రైలెక్కి ఆరు దాటేసరికి తెనాలిలో దిగాను. రేపల్లె పాసింజరుకు అరగంట టైముంది. స్టేషన్ బయట చిన్న హోటల్లో రెండు ఇడ్లీ, టీ కలిపి యాభై రూపాయలు. టీ చేతికి రాగానే "పాలు బాగా కాగాయా?" అని అడిగాను. జ్వరం వచ్చినప్పటి నుంచి ఇదొక చాదస్తం. "పచ్చి పాలతో టీ ఎవరు పెడతారమ్మా?" అని నవ్వి, ఆయన గోడకు తగిలించిన రిజిస్ట్రేషన్ కాగితం చూపించాడు. "విడి పాలు అమ్మినా ఇట్టాంటి కాయితం ఉండాలంట. పాల కేంద్రానికి పోసే రైతుకైతే అక్కర్లేదంటండి."

రైల్లో అదే ఆలోచన. టిక్కెట్టు పది రూపాయలు, ఎడమవైపు కిటికీ పక్కన సీటు దొరికింది. కొన్ని దేశాల్లో పచ్చి పాలు దుకాణంలో అమ్మడమే నేరమట. మరికొన్ని చోట్ల రైతు తన కొట్టం దగ్గర మాత్రమే, సీసా మీద హెచ్చరిక అంటించి అమ్ముకోవాలి. మన దగ్గర అమ్మేవాళ్లు పేరు నమోదు చేయించుకోవాలి. మొత్తం పాలు సహకార సంఘానికి పోసే రైతుకు మినహాయింపు ఉంది, ఎందుకంటే ఆ పాలను వాళ్లు వేడి చేసి శుద్ధి చేస్తారు. ఎవరింట్లో వాళ్లు ఎలా తాగినా ఏ చట్టమూ అడగదు. ఇదంతా నాకు జబ్బు చేశాక చదివిన చదువు. కళ్లాల్లో మొక్కజొన్న కండెలు ఆరబోసి ఉన్నాయి. నాంచారమ్మ గారితో మొదటి మాట ఎలా అనాలో భట్టిప్రోలు దాటినా నాకు తేలలేదు.

రేపల్లెలో దిగి షేర్ ఆటో ఎక్కాను, ముప్పై రూపాయలు. ఊరి పేరు చెప్పగానే డ్రైవర్ వెనక్కి తిరిగి "పచ్చి పాల ఇంటికా అమ్మా?" అన్నాడు.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"ఆదివారమైతే కార్లు వస్తాయండి. ఫోన్లో ఎవరో రాశారంట. చాలా బాగా రాశారంటండి."

జన్మలో మొదటిసారి నా రాతను మెచ్చుకుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు.

నాంచారమ్మ గారు నన్ను చూడగానే గుర్తుపట్టి మంచం వాల్చింది. లోపలి నుంచి శైలజ నిండు పొట్టతో వచ్చి "పెద్దమ్మా, మీరు రాసింది మా ఆయన చదివి వినిపించారు" అంది. ఆ పిల్ల చేతిలో గ్లాసుంది. గ్లాసు అంచున నురగ.

"కాచినవేనా అమ్మా?" అన్నాను.

"లేదండి, గుమ్మపాలే. ఈ నెల్లోనే మొదలెట్టాను. బలమని మీరు రాశారుగా."

మర్యాదలన్నీ మరిచిపోయి గ్లాసు లాక్కున్నాను. తర్వాత జరిగిందంతా చెప్పాను, జ్వరం, డాక్టరమ్మ, కడుపులో బిడ్డ సంగతి. నాంచారమ్మ గారు అంతా విని, లేచి వెళ్లి పాలు పిండే చెంబు తెచ్చి, నా ఎదురుగా బోర్లించింది. పిండే ముందు ఆ పక్క రైతులు ఇలాగే చేస్తారు, చెంబులో చుక్క నీళ్లు లేవని కొనేవాళ్లకు చూపించడానికి.

"ముప్పై ఏళ్లుగా ఇట్టా బోర్లించి చూపిస్తన్నానండి. నీళ్లు లేవని చూపించగలను. జబ్బు లేదని ఎట్టా చూపించేది?"

చెంబు పక్కన పెట్టి ఆవిడే మళ్లీ అంది.

"అక్కయ్యగారూ, ఒక మాట అడుగుతాను. ఆ రోజు మీకు పచ్చి పాలు నేనిచ్చానా, మీరడిగారా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు కూడా పెరట్లో దాలి రాజుతోంది. పిడకల సన్నని సెగ మీద కుండలో పాలు పూటంతా కాగుతున్నాయి. వాళ్లింట్లో తరతరాలుగా తాగేది ఆ ఎర్రగా కాగిన పాలే. ఆవిడ దాన్నుంచి ముంచబోతుంటే నేనే చెయ్యి అడ్డం పెట్టి "కాగినవి మా ఊళ్లోనూ దొరుకుతాయి, పిండినవి అలాగే ఇవ్వండి" అన్నాను. ఇంటికొచ్చిన మనిషి నోరు తెరిచి అడిగితే కాదనలేక ఇచ్చింది. నేనేమో అది ఆ ఇంటి అలవాటని రాశాను. ఐదు నెలలు నా రాతను నేనే నమ్మాను.

"నేనే అడిగానండి" అన్నాను.

"మీ తర్వాత వచ్చినవాళ్లూ అదే అడిగారు. కేంద్రానికి పోసే పాలల్లో కొన్ని ఆపి వాళ్లకిచ్చాను. పోయిన వారం ఎవరో అన్నారు, కాయితం లేకుండా పచ్చి పాలు అమ్మితే కేసంట. కేసు పెడితే నా మీదే గదండి పెడతారు? రాసినవాళ్ల మీద పెట్టరు గదా."

ఆవిడ కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అవును, నా మీద పెట్టరు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాంచారమ్మ గారు ఫోన్ చేయిస్తే, పదిన్నరకు పశువుల డాక్టర్ గారు మోటార్ సైకిల్ మీద వచ్చారు. ఉన్నవి రెండు గేదెలు. పెద్దదానికి కిందటి సంవత్సరం నెలలు నిండకుండానే దూడ పడిపోయిందని నాంచారమ్మ గారు చెబితే ఆయన ముఖం మారింది, ఈ జబ్బుకు అదొక గుర్తట. రెండింటికీ రక్తం తీశారు. "పరీక్షకి బాపట్ల పంపాలండి. సోమవారం గానీ మనిషి వెళ్లడు" అన్నారు. నేను బాపట్ల మీదుగా వెళతానన్నాను. ఐసుతో చిన్న థర్మోకోల్ డబ్బా, ఒక ఉత్తరం నా చేతికిచ్చారు. శైలజను ఆ మధ్యాహ్నమే తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించమని కూడా చెప్పారు.

బయల్దేరబోతుంటే నాంచారమ్మ గారు దాలి దగ్గర కూర్చుని కుండలోంచి గ్లాసెడు ముంచింది. "ఇవి తాగండి. ఆ రోజు ఇవ్వనివ్వలేదు మీరు." మీగడ తరకతో, లేత పొగ వాసనతో, కమ్మగా ఉన్నాయి. మా ఊళ్లో ఇలాంటివి ఎక్కడా దొరకవు.

రేపల్లె నుంచి బాపట్లకు బస్సు చెరుకుపల్లి మీదుగా వెళుతుంది, గంటన్నర పైన పడుతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు డబ్బు తీసుకోరు. దారంతా డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కావిడ "చేపలా?" అని అడిగితే అవునన్నాను. రెండున్నరకు ఆఫీసులో అప్పగించి సంతకం పెట్టి, సాయంత్రం బాపట్లలో రైలెక్కాను. సముద్రం ఐదారు మైళ్ల దూరంలోనే ఉన్నా చూడాలనిపించలేదు.

ఐదో రోజు నాంచారమ్మ గారు ఫోన్ చేసింది. శైలజ రక్తంలో ఏమీ లేదు, నెల తర్వాత మళ్లీ చూస్తామన్నారట. చిన్న గేదె బాగుంది. పెద్దదానికి ఉంది.

"కేంద్రంలో నేనే చెప్పేశానండి. దాన్ని వేరే కట్టేశాను. సంతలో తోలేయమని ఒకరిద్దరు చెప్పారు. కొన్నోళ్లింట్లోనూ ఒక అమ్మాయి ఉంటది గదండి."

ఏ చట్టమూ ఆవిడ ఇంటి దాకా వెళ్లి చెప్పలేదు. చూలాలు ఏ ఇంట్లోనైనా ఉంటుందన్న ఒక్క ఆలోచనతో, ఇంటికి అన్నం పెట్టే గేదెను ఆవిడ కట్టేసుకుంది. నేను ఒక రాతను తీసేయడానికి అన్ని రోజులు ఊగిసలాడాను. అమ్మేవాళ్లకు చట్టం ఉండాలి, కాదనను. కానీ చదివేవాళ్లకు నోరూరించే నాలాంటివాళ్లను అడిగే చట్టం లేదు కాబట్టి, మమ్మల్ని మేమే అడగాలి. పాత రాత ఆ రోజే తీసేశాను. కాపీ చేసుకున్నవాళ్లు ఉంటే దయచేసి మీరూ తీసేయండి.

ఈసారి రైళ్లూ బస్సులూ అన్నీ రాశాను గానీ, ఆ ఊరి పేరు రాయలేదు, గమనించే ఉంటారు. ఇక మీరు ఏ పల్లెకు వెళ్లినా పనికొచ్చే సలహా ఒక్కటే. ఇంటివాళ్లు ఏ గిన్నెలోంచి ముంచుతున్నారో అందులోవే తాగండి. పచ్చి పాలు అడగకండి. మీరు అడిగితే వాళ్లు కాదనలేరు.