తాత చెలకలో గొర్రెల మంద

మొన్న వాన వెలిసిన మధ్యాహ్నం, సూర్యాపేట బస్టాండు ముందు మనుమరాలితో ఆటో కోసం నిలబడి ఉంటే, గొర్రెలతో కిక్కిరిసిన వ్యాను ఒకటి వచ్చి మా ఎదుటే ఆగింది. తడిసిన ఉన్ని, పెంటికలు, పచ్చి ఉచ్చ, వాటికి తోడు వాననీళ్ళ తేమ, అన్నీ కలిసి గుప్పుమన్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళంతా కొంగులూ చేతిరుమాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం శుభ్రంగా ఆకలి వేసింది. ఆ మాట పైకి అనేసరికి మనుమరాలు నన్ను ఎగాదిగా చూసి, "అమ్మమ్మా, ఒకసారి షుగర్ చూపించుకుందామా?" అంది. మా ఇంట్లో గొర్రెల వాసనా కోడికూర వాసనా ఎప్పుడూ ఒకే రోజు వచ్చేవని ఆ పిల్లకు ఎట్లా తెలుస్తుంది?

నా చిన్నతనంలో, రాజ్యం మారుతున్న రోజులవి. ఏ వైపు నుంచి ఏ కబురు వస్తుందోనని పెద్దవాళ్ళు అరుగుల మీద గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. మా తాతకు మాత్రం ఆ కబుర్లేవీ చెవికి ఎక్కేవి కావు. ఆయనకు ఉన్న బెంగ ఒక్కటే, పశువుల మేత. మా ఊరు సూర్యాపేట నుంచి కోదాడ పోయే బాట పక్కన ఉండేది. ఊరి చుట్టూ నీళ్ళ ఆధారం లేని ఎర్ర చెలకలు. ఆ చెలకల్లో తొలకరికి జొన్నలో పిల్లిపెసర కలిపి ఒత్తుగా చల్లేవారు. గింజ కోసం కాదు, పశువుల నోటి కోసం. కంకి తొంగిచూసే వేళకు కొంత పచ్చిగా మేపి, మిగిలింది కోసి చేలోనే ఆరబెట్టి, కట్టలు కట్టి, ఇంటి వెనక వామి వేసేవారు. వామి ఎంత ఎత్తుంటే ఆ ఇంటివాడికి అంత ధీమా.

అంతకు ముందు ఎండాకాలం మా వామి మధ్యలోనే అడుగంటింది. ఎద్దుల జతలో ఎర్రోణ్ణి తాత సూర్యాపేట అంగడికి తోలుకుపోయి అమ్మి వచ్చాడు. మిగిలింది బూడిదరంగు మైలోడు ఒక్కడే. నేను బెల్లంముక్క పెడితే అరచేయి అంతా నాకి, ఇంకా ఏమైనా ఉందా అని ముంజేతిని కూడా నాకేవాడు. ఈ ఏడు కూడా మేత చాలకపోతే వాణ్నీ అంగడికి తోలుతానని తాత ఒకనాడు అన్నం తింటూ అన్నాడు. అని, తనే ఆ ముద్ద మింగలేక లేచిపోయాడు. ఆ రోజు నుంచి నాకు జొన్న మీద వచ్చిన భక్తి ఏ దేవుడి మీదా రాలేదు.

జొన్న బాగా రావాలంటే చెలకలో మంద కట్టించాలి. అంటే, ఎండాకాలం చివర గొల్లవాళ్ళ గొర్రెలను కొన్ని రాత్రులు మన చేలో పడుకోబెట్టించుకోవడం. అవి వేసిన పెంటికలూ, పోసిన ఉచ్చా నేలకు పట్టాయంటే మేత ఏపుగా లేస్తుంది. మందకు పెద్ద మల్లయ్య. ఊళ్ళో ఎకరం చెలక ఉన్న ప్రతివాణ్ణీ "పటేలా" అని పిలిచి సంతోషపెట్టే మనిషి. మంద ఎవరి చేలో పడుకుంటే ఆ ఇంటివాళ్ళు మల్లయ్యకూ అతని మనుషులకూ రాత్రి భోజనం పెట్టాలి. వంట బాగుంటే మంద ఇంకో రాత్రి ఉంటుంది, బాగుండకపోతే తెల్లారే కదిలిపోతుంది. ఇది ఎవరూ పైకి చెప్పరు, కానీ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు.

ఆ ఏడు మంద కోసం మాతో పోటీ పడింది చిన్నతాత. మా తాతకు సొంత తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ కోదాడ అవతలి నుంచి అక్కచెల్లెళ్ళనే చేసుకున్నారు. వేరు పడేటప్పుడు రాగి గంగాళం ఎవరికి రావాలన్న దగ్గర మాటలు ఆగిపోయి, పశువుల కొట్టం మధ్యలో మట్టిగోడ లేచింది. చెలక కూడా రెండు ముక్కలైంది. మిట్టమీది ముక్క మాకు, పల్లంలోది వాళ్ళకు. అక్కచెల్లెళ్ళు మాత్రం మొగుళ్ళు లేనప్పుడు గోడ మీదుగా నిప్పూ, చింతపండూ, ఊరి కబుర్లూ మార్చుకుంటూనే ఉండేవారు.

చిన్నతాతది పిసినారి చేయి. మొదటి రాత్రి మంద ఆయన చేలోనే దిగింది. ఆయన జొన్నగటుకా పచ్చిపులుసూ పెట్టించాడు. మల్లయ్య మర్యాదగా తిని, మర్యాదగా మూతి తుడుచుకుని, తెల్లారేసరికి మంద తోలుకుని రెండు చేల మధ్య గెట్టు దాటి మా చేలోకి వచ్చేశాడు. మా నాయినమ్మ రొట్టెలు చేసి కోడిని కోసింది. మర్నాడు ఇంకో కోడి, ఆ మర్నాడు ఇంకోటి. జీవితమంతా గొర్రెల మధ్యే ఉండి గొర్రెకూర ఎన్నడో గానీ ఎరగని ఆ మనుషులు కోడికూరను కళ్ళు మూసుకుని తినేవాళ్ళు. మాకూ గిన్నె అడుగున ఏదో మిగిలేది. చివరికి మా గంపలో పుంజు ఒక్కటే మిగిలి, అదీ సంగతి గ్రహించినట్టుంది, కూయడం మానేసింది.

తాత సంబరం చూడాలి. తెల్లవారగానే చెలకకు పోయి మంద దడికి అడ్డంగా నిలబడేవాడు. నిద్రలేచిన గొర్రె మొదట చేసే పని ఉచ్చపోయడం. ఆ పని ఒక్క గొర్రె కూడా బయటికి పోయి చేయకూడదని ఆయన పట్టుదల.

"జర తొవ్వ ఇడువు పటేలా, గొర్లు ఆకలికున్నయి," అని మల్లయ్య బతిమాలేవాడు.

"గా మూలకున్నది ఇంక పొయ్యలే. ఆగు," అనేవాడు తాత.

మంద వెళ్ళిపోయేసరికి మా చెలకలో నేల కనబడకుండా పెంటికలు నల్లగా పరుచుకున్నాయి. వెంటనే మైలోడికి జతగా ఎవరి ఎద్దునైనా అడిగి తెచ్చి, దుక్కి దున్ని ఆ ఎరువును మట్టిలో కలిపేయాలి, అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. తాత దున్నలేదు. సూర్యాపేట అంగడికి పోయే బండ్లన్నీ మా చెలక పక్క నుంచే పోవాలి. పోయేవాళ్ళంతా బండ్లాపి "అబ్బ, ఏం మంద కట్టించినవు!" అని ఒక మాట అని పోవాలి. అంగడి రోజు దాకా దున్నేది లేదన్నాడు. నాయినమ్మ మొత్తుకుంది. ఆయన తలపాగా చుట్టుకుని గెట్టు మీద కూర్చుని, పెళ్ళివారిని పిలిచినట్టు దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించాడు.

అంగడి ఇంకా రాకముందే వాన వచ్చింది. మామూలు వాన కాదు, ఊరు ఊరంతా గొంగళ్ళు కప్పుకుని కూర్చున్న వాన. తెల్లారి పోయి చూస్తే మా చెలక కడిగిన పళ్ళెంలా ఎర్రగా మెరుస్తోంది. గెట్టుకు గండి పడి, గొర్రెలు వేసిందంతా, మా కోళ్ళ త్యాగంతో సహా, చిన్నతాత పల్లంలోకి దిగి హాయిగా పరుచుకుని ఉంది. చిన్నతాత మాత్రం అంగడి కోసం ఆగలేదు. నేల ఆరీ ఆరకముందే దున్నేశాడు.

ఆ తరువాత చాలా రోజులు వాన లేదు. మా జొన్న మోకాలెత్తున గిడసబారి, పచ్చకామెర్లు వచ్చినట్టు నిలబడిపోయింది. అట్లా వాడిన లేత జొన్నలోకి పశువును ఎవరూ వదలరు. నాము తగిలితే, అంటే ఆ మొక్కలో పుట్టే విషం ఎక్కితే, ఎంతటి ఎద్దయినా చూస్తుండగానే పడిపోతుంది. గెట్టు కిందేమో, పల్లంలో తడి నిలిచి, చిన్నతాత జొన్న మనిషిని మించి పెరిగి, నల్లటి ఆకులు విసురుకుంటూ ఊగేది. తాతకు అన్నం సహించలేదు. ఊరి పెద్దలను వెంటబెట్టుకుని గెట్టు మీదికి తీసుకువచ్చాడు. కింద ఉన్నది తన మంద పెంచిన మేతనీ, సగం తనకు రావాలనీ వాదించాడు. సాక్ష్యానికి మల్లయ్యను కూడా పిలిపించాడు.

"మల్లయ్యా, గా పెంట నీ గొర్లదేనా? గుర్తువడ్తవా?" అని పెద్దమనిషి ఒకాయన అడిగాడు.

మల్లయ్య తల గోక్కున్నాడు. "గొర్రెకైతే సెవుకు గుర్తు కోస్తం పటేలా. పెంటకేడ గుర్తు పెడ్తం?"

పంచాయితీ నవ్వుల్లో కలిసిపోయింది. తాత మాత్రం నవ్వలేదు, వచ్చే అంగడికి మైలోణ్ణి తోలుకుపోతానన్నాడు. నేను కొట్టంలో మైలోడి మెడ పట్టుకుని ఏడ్చాను. వాడు నా రిబ్బను నమిలాడు.

అంగడికి ముందురోజు మైలోడు పలుపు తెంపుకుని, మా చేనంతా ఒక్క పరక కూడా ముట్టకుండా దాటి, నేరుగా చిన్నతాత జొన్నలో పడ్డాడు. పరాయి చేలో పడ్డ పశువును బందెలదొడ్డికి తోలడం ఆనవాయితీ. చిన్నతాత తోలలేదు. వాణ్ణి తన కొట్టంలో, ఆ మట్టిగోడకు అవతల కట్టేసి కబురు పెట్టాడు. "ఎద్దు గావాల్నంటే అన్ననే రమ్మను. ఇంకెవలొచ్చినా ఇయ్య."

"నేను సస్తె పోను," అన్నాడు తాత.

పోలేదు గానీ గోడను వదలనూ లేదు. పొద్దున లేస్తే మట్టిగోడకు చెవి ఆనించి నిలబడేవాడు. అవతల మైలోడు పచ్చి జొన్న కరకరా నములుతుంటే ఆ చప్పుడు విని, "ఇయ్యాల మంచిగ తింటుండు," అని మాకు చెప్పేవాడు. ఒక్కోరోజు "పిల్లిపెసర ఎక్కువేసినట్టున్నడు" అని చప్పుడును బట్టే తేల్చేసేవాడు. నాయినమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తేది. అంగడి వచ్చింది, పోయింది. ఎద్దు లేనిదే ఏం తోలుకుపోతాడు?

ఒకరోజు గోడకు ఒక చెవి పెట్టి, కాసేపయ్యాక రెండోది పెట్టాడు. ముఖం తెల్లబోయింది.

"ఏందే, సప్పుడు లేదు?" అన్నాడు నాయినమ్మతో. మళ్ళీ విన్నాడు. "నాము గిట్ల తగిలిందా ఏంది!"

అంతే. చెప్పులు లేవు, తలపాగా లేదు. వేరుపడ్డ నాటి నుంచీ తొక్కని తమ్ముడి గడపను ఒక్క అంగలో దాటి కొట్టంలోకి దూకాడు. వెనకాలే నేనూ నాయినమ్మా పరుగెత్తాం. మైలోడు పక్కకు ఒరిగి, కడుపు ఉబ్బి, కళ్ళు మూసుకుని పడి ఉన్నాడు. తాత వాడి తల పట్టుకుని "బిడ్డా, మైలా" అన్నాడు. మైలోడు ఒక కన్ను తెరిచి ఆయన్ని చూశాడు. నిడుపాటి త్రేన్పు ఒకటి తీసి, తీరిగ్గా నెమరు మొదలుపెట్టాడు.

"కడుపు నిండినోడు పండుకోవద్దానె?" అన్నాడు చిన్నతాత గుమ్మంలో నిలబడి.

తాత అక్కడే పేడలో కూలబడి, పంచె చెంగుతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. చిన్నతాత ఆయన్ని రెక్క పట్టి లేపి, కాళ్ళు కడిగించి, లోపల పీట మీద కూర్చోబెట్టాడు. చిన్ననాయినమ్మ "పెరుగు వెయ్యమంటారా బావా?" అంటూనే రొట్టె మీద గడ్డపెరుగు వేసింది. తాత తలెత్తకుండా తిన్నాడు. సగం తిన్నాక ఆగి అన్నాడు.

"పెరుగు మంచిగున్నది. ఉండకేం జేస్తది, మంద నాదాయె."

"మంద నీదే అన్నా. వాన నాది," అన్నాడు చిన్నతాత.

తలుపు చాటున అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. తాత "అయితె నీ వానను ఇంకో గంటె ఎయ్యుమను," అని కంచం ముందుకు జరిపాడు.

ఆ ఏడు చిన్నతాత జొన్న కోసి ఆరబెట్టి రెండు వాములు వేయించాడు, ఒకటి మా వైపు. మైలోడు మా కొట్టంలోనే ముసలివాడై మా కొట్టంలోనే పోయాడు. మరుసటి ఏడు మంద గెట్టుకు అటూ ఇటూ కలిపి పడుకుంది, కోడికూర ఒకే పొయ్యి మీద ఉడికింది.

ఇప్పుడు ఆ చెలకలు లేవు. కాలువ నీళ్ళు వచ్చి వరిమడులయ్యాయి. మిషను కోసి పారేసిన గడ్డిని చాలామంది మడిలోనే తగలబెడుతున్నారు, తినే నోళ్ళు లేవు మరి. కొట్టం ఉన్నచోట రెండు మోటారు సైకిళ్ళు నిలబడి ఉంటాయి. పైమడి మా తమ్ముడి మనుమడిది, కింది మడి చిన్నతాత మునిమనుమడిది. ఎవరి యూరియా బస్తా వాళ్ళు తెచ్చుకుని చల్లుకుంటారు. పెద్ద వాన కొడితే పైవాడిది కిందికి ఇప్పటికీ కొట్టుకుపోతూనే ఉంటుంది. దాని కోసం ఎవరూ గెట్టు మీదికి పెద్దమనుషులను పిలవరు. మొన్న ఊరికి పోయినప్పుడు పైమడి పిల్లవాణ్ణి అడిగాను, కింది మడి వాడు ఎట్లున్నాడురా అని.

"ఏమో అమ్మమ్మా, మాట్లాడక శాన రోజులాయె," అన్నాడు. నేను అదోలా చూశానేమో, వెంటనే తొందరపడి చెప్పాడు. "అట్ల గాదు, మా ఇద్దరి నడుమ పంచాది ఏం లేదు."